డిచ్‌పల్లి దారి

గోదావరికి ఈవలా ఆవలా: ఉత్తర తెలంగాణ మిషన్ దవాఖానల చరిత్ర – ఆరో భాగం

కరీంనగర్‌లో వెస్లియన్ మిషన్ పని 1880ల్లో ఎలా మొదలైందో, ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళ కోసం ఆడ డాక్టర్లు, నర్సులు ఎందుకు అవసరమయ్యారో గత భాగంలో చూశాం. కాన్పులు, పసిపిల్లల జ్వరాలు, కళ్ళకలకలు, నారికురుపులు, పాముకాట్లు – దేన్నీ ఆ దవాఖానలు కాదనలేదు. ఒక్క రోగం దగ్గర మాత్రం వాటికీ చెయ్యి ఆడేది కాదు. ఊళ్ళో జనం దాని పేరు ఎత్తరు, పెద్దరోగం అంటారు. కుష్ఠు ఉన్న మనిషిని ఒక మంచం మీద పడుకోబెడితే తెల్లారేసరికి మిగతా మంచాలన్నీ ఖాళీ అవుతాయి. అది డాక్టర్ల భయం కంటే రోగుల భయం. దవాఖాన నడవాలంటే ఆ భయానికి తల వంచాల్సిందే.

ఇక కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మచ్చ తేలిన మనిషికి దిక్కేది? చాలామందికి ఊరి బయటి గుడిసే దిక్కు. కొందరికి వేములవాడ, ధర్మపురి, బాసర వంటి క్షేత్రాల మెట్లు. ఇంకొందరు ఆ మచ్చని కప్పుకుని బతికారు, కప్పుకోగలిగినన్నాళ్ళు. 1915 తర్వాత వీళ్ళకి ఇంకో దారి తెరుచుకుంది. కరీంనగర్ నుంచి వచ్చేవాళ్ళకి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా. ఆదిలాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి నిర్మల్ దాటి, సోన్ దగ్గర గోదావరి దాటి. రెండు దారులూ ఆర్మూరులో కలుస్తాయి. అక్కడి నుంచి డిచ్‌పల్లి ఎంతో దూరం లేదు. డిచ్‌పల్లి ఉన్నది నిజామాబాద్ జిల్లాలోనే అయినా, మన రెండు జిల్లాల చరిత్ర దాన్ని తప్పించుకుని సాగదు. అందుకే ఈ భాగం మొత్తం దానికే.

ఒక డాక్టరమ్మ, ఒక పాదిరి

ఇసబెల్ గన్ 1875లో స్కాట్లండ్ ఈశాన్య మూలన ఉన్న బాన్ఫ్‌షైర్‌లో పుట్టారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యం చదువు పూర్తి చేశారు. ఆడపిల్ల డాక్టరు కావడం ఆ దేశంలో కూడా అప్పటికింకా కొత్తే. రెవరెండ్ జార్జ్ కెర్‌ని పెళ్ళాడి, 1907లో ఆయనతో కలిసి హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. వెస్లియన్ మిషన్ వాళ్ళకి అప్పగించిన చోటు నిజామాబాద్. మనవాళ్ళలో పెద్దలు ఇంకా ఇందూరు అనే పిలిచే పట్నం.

ఆ పట్నానికి అప్పుడప్పుడే దశ తిరుగుతోంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కి గోదావరి లోయ రైలు మార్గం పడి కొద్ది సంవత్సరాలే అయింది. రైలు పడిన చోటికి వ్యాపారం వస్తుంది, వ్యాపారం ఉన్న చోటికి బిచ్చగాళ్ళు వస్తారు, ఆ బిచ్చగాళ్ళలో కుష్ఠు రోగులుంటారు. మిషన్ దవాఖాన వాకిట్లోకీ వాళ్ళు వచ్చారు. ఇసబెల్ వాళ్ళ పుండ్లు కడిగి కట్టు కట్టగలరు, అంతే. లోపల మంచం ఇవ్వలేరు. ఎందుకు ఇవ్వలేరో పైన చెప్పాను.

మిషనరీల గురించి రాసేవాళ్ళు ఇక్కడ ఒక మలుపు చూపిస్తారు: ఆమె గుండె కరిగింది, ప్రార్థన చేసింది, దారి దొరికింది అని. గుండె కరగలేదని నేననను. కానీ కరిగిన గుండెకి జాగా కావాలి, గోడలు కావాలి, డబ్బు కావాలి. ఆ డబ్బు ఇంగ్లండు నుంచి మాత్రమే రాలేదు. పక్క వీధి నుంచి కూడా వచ్చింది.

నర్సాగౌడ్ చెయ్యి

రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం లేకపోతే డిచ్‌పల్లి కథ వేరేగా ఉండేది. ఆయన హిందువు, స్థానికుడు, కలిగినవాడు. రాజ్యం నిజాంది. నడిపేది క్రైస్తవ మిషన్. రోగులు అన్ని కులాలవాళ్ళు. మామూలుగా ‘మిషన్ ఆసుపత్రి’ అనగానే బయటి నుంచి వచ్చిన పని అనుకుంటాం, పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ. పునాది రాళ్ళ లెక్క తీస్తే అది అంత బయటిది కాదని తేలుతుంది. కుష్ఠు రోగుల పనికే ప్రత్యేకంగా 1874లో ఐర్లండులో పుట్టిన ‘మిషన్ టు లెపర్స్’ సంస్థ తోడ్పడింది. నిజాం ప్రభుత్వం తోడ్పడింది. అయినా మొదట ధైర్యం ఇచ్చింది ఊరి మనిషి సొమ్ము. నర్సాగౌడ్‌కి క్రైస్తవం మీద ఆసక్తి ఉందో లేదో కానీ, వీధిలో పడి ఉన్న మనిషి మీద ఉంది. ఆ మనిషిని చూసుకోవడానికి సిద్ధపడ్డవాళ్ళు కెర్ దంపతులు కాబట్టి వాళ్ళ చేతికిచ్చారు. దానం చేసేవాడు చాలాసార్లు చూసుకునేది ఇంతే.

1915లో నిజామాబాద్‌కి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో, డిచ్‌పల్లిలో విక్టోరియా పేరుతో కుష్ఠు దవాఖాన మొదలైంది. చోటు ఎంపికలో తెలివి ఉంది. పట్నానికి దూరం, కాబట్టి పట్నం గొడవ చెయ్యదు. రైలు స్టేషన్‌కి దగ్గర, కాబట్టి మందులూ సామానూ మనుషులూ చేరగలరు. కరీంనగర్‌కి ఆ సౌకర్యం లేదు. నిజామాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా పెద్దపల్లికి రైలు పట్టాలు పూర్తిగా కలిసింది 2017లో. కెర్ దంపతుల కాలంలో మన జిల్లాల నుంచి డిచ్‌పల్లి చేరినవాళ్ళలో చాలామంది ఎడ్లబండి మీదో, కాలినడకనో చేరినవాళ్ళే. తిమ్మిరెక్కి స్పర్శ పోయిన పాదాలతో అన్ని క్రోసుల నడక ఏమిటో ఊహించండి. ముల్లు దిగినా తెలియదు, బొబ్బ పగిలినా తెలియదు, ఎముక బయటపడినా తెలియదు.

అసలు ఆ రోగం చేసే పని అదే. బర్గెన్‌లో హాన్సెన్ 1873లో కనిపెట్టిన ఆ సూక్ష్మజీవికి చర్మం, నరాలు అంటే ఇష్టం. మోచేతి దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర నరాల్లో చేరి వాటిని ఉబ్బిస్తుంది. స్పర్శ పోతుంది. వేళ్ళు రోగం వల్ల నేరుగా రాలవు. వేడి కుండ పట్టుకున్నా కాలడం తెలియక, పుండు పడినా నొప్పి తెలియక, చీము పట్టి, ఎముక కరిగి పోతాయి. ఇంకో సంగతి. నూటికి తొంభై మందికి పైగా మనుషులకి పుట్టుకతోనే ఈ రోగాన్ని తట్టుకునే శక్తి ఉంది. ఊరు ఊరంతా భయపడింది, నిజంగా అంటేది బహు కొద్దిమందికి.

నీరడి నూనె

ఇప్పుడు మందు సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డిచ్‌పల్లి పేరు దేశం దాటడానికి కారణం ఈ మందే.

నీరడి విత్తుల నూనె మనకి కొత్తది కాదు. సుశ్రుత సంహిత తువరకం అని చెప్పింది ఈ జాతి చెట్టు గింజనే. పశ్చిమ కనుమల్లో కాస్తుంది. దాని బంధువు చాల్మూగ్రా బర్మా, అస్సాం వైపు కాస్తుంది. ఆ నూనె కుష్ఠుకి మంచిదని వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. తాగిస్తే కడుపులో నిలవదు, వాంతి అయిపోతుంది. కండలోకి సూదితో ఎక్కిద్దామంటే చిక్కగా ఉండి లోపల గడ్డ కడుతుంది. ఈ ముడి 1915 తర్వాత రెండు చోట్ల విడింది. హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి అమ్మాయి ఆ నూనెని శరీరం పీల్చుకోగల రూపంలోకి మార్చే పద్ధతి కనిపెట్టి, 1916 చివరి రోజున 24 ఏళ్ళకే చనిపోయింది. ఆ కీర్తి చాలా కాలం ఇంకొకరి ఖాతాలో పడింది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్ ఇదే నూనెలోంచి సూదిమందులు తయారుచేశారు. మ్యూర్ పద్ధతిని గట్టిగా అందిపుచ్చుకున్న దవాఖానల్లో డిచ్‌పల్లి ఒకటి.

మ్యూర్ చెప్పింది సూది ఒక్కటే కాదు. కుష్ఠు రోగి ఒంట్లో ముందుగా వేరే జబ్బులేమున్నాయో చూడండి అన్నారు. కొంకిపురుగులు, మలేరియా, సుఖరోగాలు, రక్తహీనత – వీటిని ముందు తగ్గించండి, కడుపునిండా తిండి పెట్టండి, ఒళ్ళు కదిలేలా పని చేయించండి, ఆ తర్వాత సూది పని చేస్తుందన్నారు. అందుకే డిచ్‌పల్లిలో రోగి అంటే మంచం మీద పడి ఉండేవాడు కాదు. తోట పని, కట్టడం పని, నడక. జార్జ్ కెర్ కట్టడాలు చూసుకుంటే, ఇసబెల్ సూదులూ పుండ్లూ చూసుకున్నారు. నడిపింది ఇద్దరూ.

సూది సుఖమైనదని అనుకోకండి. మచ్చ ఉన్న మేరా చర్మంలో పక్కపక్కనే పొడుస్తూ పోవాలి. వారం వారం పొడవాలి. నెలలు కాదు, ఏళ్ళు పొడవాలి. నూనెకి మంట. అయినా జనం వరసలో నిలబడ్డారు. ఎవరూ బలవంతం చెయ్యకుండా నిలబడ్డారు. నా దృష్టిలో డిచ్‌పల్లి చేసిన అసలు పని ఇదే. అంతకు ముందు కుష్ఠు ఆశ్రమం అంటే చచ్చేదాకా ఉండే చోటు. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి కుష్ఠు చట్టం అయితే బిచ్చమెత్తుకునే రోగిని పోలీసు పట్టి ఆశ్రమంలో పెట్టే అధికారం కూడా ఇచ్చింది. డిచ్‌పల్లికి మనిషి తనంతట తాను వచ్చాడు, బాగై ఇంటికి పోవడానికి వచ్చాడు. ఒకడు బాగై ఊరికి పోతే, వాడి ఊళ్ళో మచ్చ దాచుకున్న నలుగురు బయటికి వస్తారు. ముదరకముందే వస్తారు. ముదరకముందు వచ్చినవాడికి ఏ మందైనా కొంత ఎక్కువ పని చేస్తుంది.

మరి ఆ నూనె నిజంగా నయం చేసిందా? ఈనాటి వైద్యం అడిగే తీరులో, మందు ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ పోల్చి చూసిన గట్టి రుజువు దానికి లేదు. కుష్ఠులో కొన్ని రకాలు వాటంతట అవే తగ్గుతాయి. మంచి తిండి, శుభ్రత, పుండ్ల సంరక్షణ కలిసి చాలామందిని నిలబెట్టాయి. ‘నయమై పంపించాం’ అని ఆ కాలపు నివేదికలు రాసిన మాటని ఇవన్నీ గుర్తుపెట్టుకుని చదవాలి. నీరడి నూనె ఎంత బలమైన మందో తేలకపోయినా, అది ఎంత బలమైన పిలుపో తేలిపోయింది.

1923లో బ్రిటిష్ ప్రభుత్వం కెర్ దంపతులిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. అదే రోజుల్లో అటు మెదక్‌లో వెస్లియన్ మిషనరీ పోస్నెట్ దొర కట్టిస్తున్న పెద్ద చర్చి పైకి లేస్తోంది. 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించారు. ఇప్పటికీ చూడ్డానికి జనం బస్సులు కట్టుకుని మెదక్ పోతారు. అదే మిషన్, అదే దశకంలో కట్టిన డిచ్‌పల్లి గదులని చూడ్డానికి ఎవరూ పోరు. రాయికి ఉన్న అదృష్టం పుండు కడిగిన చేతికి ఉండదు మరి.

ప్రార్థన గంట

ఇక్కడ దాటవెయ్యకూడని ప్రశ్న ఒకటుంది. ఈ మిషనరీలు వైద్యం చెయ్యడానికి వచ్చారా, మతం ఇవ్వడానికి వచ్చారా? రెండిటికీ. దాన్ని వాళ్ళే దాచలేదు, మనం దాచడం దేనికి? ఏళ్ళ తరబడి ఒక ఆవరణలో ఉండి, అన్నం అక్కడే తిని, మందు అక్కడే తీసుకుని, పొద్దున గంట కొట్టగానే పాట వినే మనిషి మీద ఆ పాట ప్రభావం ఉండదా? కొందరు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు వెలివేసినవాణ్ణి ఒక సంఘం పేరుపెట్టి పిలిచి పక్కన కూచోబెట్టుకుంటే, వాడు ఆ సంఘంలో కలవడాన్ని ప్రలోభం అనే ఒక్క మాటతో కొట్టేయలేం. అవసరం, కృతజ్ఞత, నమ్మకం – మూడూ ఒకే మనసులో ఉంటాయి, విడదీసి తూకం వెయ్యలేం.

నాకు కష్టంగా తోచేది వేరే సంగతి. ఆ కాలపు మిషన్ ఆశ్రమాల్లో మామూలుగా ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ వేరువేరుగా ఉంచేవాళ్ళు, భార్యాభర్తలైనా సరే. రోగుల పిల్లలు ఆరోగ్యంగా ఉంటే తల్లి నుంచి తీసి వేరే ఇంట్లో పెంచేవాళ్ళు. వైద్యం పేరుతో చేశారు, మంచికే అనుకుని చేశారు. రోగం పసివాళ్ళకి దగ్గరి సావాసంతో సోకుతుందన్న భయం పూర్తిగా తప్పు కాదు కూడా. అయినా గోడకి అవతల పిల్లవాడి ఏడుపు వింటూ ఇవతల కూచున్న తల్లుల లెక్క ఏ పతకం పక్కనా రాయలేదు.

దవాఖానల్లో పని చేసినవాళ్ళ గురించి కూడా ఒక మాట. మిషన్ బోర్డింగ్ బడుల్లో చదువుకున్న మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలే మన ప్రాంతపు మొదటి తరం నర్సుల్లో ఎక్కువమంది. పై కులాలవాళ్ళు తాకడానికి ఇష్టపడని పని అని అది వాళ్ళ దాకా వచ్చింది. వాళ్ళు దాన్ని జీతమొచ్చే, యూనిఫామ్ ఉన్న, అక్షరం తెలిసిన పనిగా మార్చుకున్నారు. లక్సెట్టిపేట వైపు, కరీంనగర్ వైపు పాత క్రైస్తవ కుటుంబాల్లో అడగండి, అమ్మమ్మో మేనత్తో నర్సమ్మ అయి ఉండని ఇల్లు తక్కువ.

లో డాక్టరు, తెల్ల బిళ్ళ

1920ల్లో డిచ్‌పల్లికి జాన్ లో అనే యువ డాక్టరు వచ్చారు. ఇసబెల్ 1932లో కన్నుమూశారు. లో ఆ తర్వాత కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో పరిశోధన చేసి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్ళారు. అక్కడ ఆయన చేసిన పని కుష్ఠు చరిత్రలో నీరడి నూనె అధ్యాయానికి ముగింపు పలికింది. అమెరికాలోని కార్విల్ కుష్ఠు దవాఖానలో 1941లో సల్ఫోన్ మందులు పని చేస్తాయని తేలింది. కానీ అవి ఖరీదు, నరానికి ఎక్కించాలి. మన చెంగల్పట్టులో కాక్రేన్ డాక్టరు ఆ సల్ఫోన్‌ల మూలమందు డాప్సోన్‌ని సూదిగా ఇచ్చి చూశారు. లో దాన్ని తక్కువ మోతాదులో బిళ్ళగా నోటికే ఇవ్వొచ్చని 1950 నాటికి నిరూపించారు. అణాల్లో దొరికే బిళ్ళ. డిచ్‌పల్లిలో ఏళ్ళ తరబడి చర్మంలో నూనె పొడుస్తూ నేర్చుకున్న మనిషికి, సూది లేని మందు విలువ ఇంకెవరికన్నా బాగా తెలిసి ఉంటుందని నా ఊహ.

బిళ్ళ వచ్చాక దవాఖాన గోడలే అనవసరం కావడం మొదలైంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడి, వెస్లియన్ మెథడిస్టు దవాఖానలు దాని చేతికి వచ్చాయి. డిచ్‌పల్లి మెదక్ డయోసిస్ కిందికి చేరింది. కరీంనగర్‌కి సొంత డయోసిస్ 1978లో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1955లో కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాక, రోగి దవాఖానకి నడవడం పోయి, మందు పట్టుకుని మనిషి ఊరికి నడవడం వచ్చింది. సైకిలు మీద వచ్చి, బళ్ళో పిల్లల చొక్కాలు విప్పించి, వీపు మీద మచ్చలు వెతికిన ఉద్యోగులని మా తరం చూసింది. డాప్సోన్ ఒక్కదానికే సూక్ష్మజీవి లొంగకపోవడం మొదలయ్యాక, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇమ్మంది. మచ్చలు తక్కువ ఉంటే ఆరు నెలలు, ఎక్కువ ఉంటే ఇప్పుడైతే సంవత్సరం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. 2005 డిసెంబరు నాటికి దేశంలో పదివేల మందికి ఒక్కరి కంటే తక్కువకి రోగుల సంఖ్య దిగింది. చట్టాలు మాత్రం మందు కన్నా నిదానంగా కదిలాయి. 1898 చట్టం రద్దయింది 2016లో. కుష్ఠును విడాకులకి కారణంగా చూపే వీలు తీసేసింది 2019లో.

మిషన్ దవాఖానలకి మాత్రం రోగం తగ్గడం ఒక్కటే మార్పు కాదు. విదేశీ సొమ్ము తగ్గింది, విదేశీ డాక్టర్లు వెళ్ళిపోయారు. కరీంనగర్ చూస్తుండగానే ప్రైవేటు నర్సింగ్ హోముల పట్నమైంది. ప్రతిమ, చల్మెడ ఆనందరావు పేర్లతో మెడికల్ కాలేజీలే వెలిశాయి. ఒకప్పుడు జిల్లా మొత్తానికి ఆడ డాక్టరు దొరికే ఒకే ఒక్క చోటు అనిపించుకున్న సి.ఎస్.ఐ. దవాఖాన, ఇప్పుడు అనేక బోర్డుల మధ్య ఒక బోర్డు. డబ్బున్నవాళ్ళు అటు పోయారు, లేనివాళ్ళు సర్కారు దవాఖానకి పోయారు. మధ్యలో నిలబడ్డ దవాఖాన జీతాలు ఎక్కడి నుంచి ఇవ్వాలి? దీన్ని క్రైస్తవుల ఉత్సాహం తగ్గిందని చెప్పేవాళ్ళున్నారు. లెక్కల పుస్తకం తెరిచి చూస్తే ఉత్సాహం కన్నా పెద్ద కారణాలు కనిపిస్తాయి.

ఆదిలాబాద్‌లో కథ ఇంకో రకంగా నడిచింది. అక్కడ మెథడిస్టుల తర్వాత కేరళ నుంచి వచ్చిన సిరో-మలబార్ కాథలిక్కులు అడుగుపెట్టారు. చాందా డయోసిస్ పేరుతో మహారాష్ట్ర నుంచి నడిచిన పని అది. 1999లో చాందా నుంచి విడదీసి ఆదిలాబాద్‌కి సొంత డయోసిస్ ఏర్పాటు చేశారు, మొదటి బిషప్‌గా జోసెఫ్ కున్నత్ వచ్చారు. వాళ్ళకి ఎదురైనవి వేరే రోగాలు, వేరే జనం: బొగ్గుబావుల కార్మికులు, గోండు గూడేలు, వానాకాలం జ్వరాలు, రక్తహీనతతో కాన్పుకి వచ్చే ఆడపిల్లలు. పెద్ద దవాఖాన కట్టి రోగిని రమ్మనడం కాకుండా, సిస్టర్లు మందుల సంచీతో తామే వెళ్ళిన పని అది.

వచ్చే భాగం మంచిర్యాల నుంచి మొదలుపెడదాం.